కంప్యూటర్‌కు సందర్భం నేర్పడం: గుంటూరు మిరప యార్డు ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

గుంటూరు మిరప యార్డులో ఒక రైతు “మన సరుకు ఏసీలో ఉంది” అంటే అక్కడున్న గుమాస్తాకు గానీ హమాలీకి గానీ అరక్షణం సందేహం కలగదు. ఏసీ అంటే అక్కడ శీతల గిడ్డంగి. ఏసీ కాయ అంటే గిడ్డంగిలో దాచి, ధర చూసుకుని బయటికి తీసిన మిరప. అదే మాట విజయవాడ బస్టాండులో ఒక ప్రయాణికుడి నోట వస్తే అతను బస్సు గురించి మాట్లాడుతున్నాడు. వినేవాడు చోటు, మనిషి, పని, కాలం అన్నీ కలిపి చూసుకుని అర్థం తేల్చుకుంటాడు, ఆ పని చేస్తున్నట్టు కూడా అతనికి తెలియదు. కంప్యూటర్‌కు మాత్రం వాటిలో ప్రతిదాన్నీ మనం విడిగా చెప్పాలి, ఏ రూపంలో చెప్పాలో ముందే నిర్ణయించాలి, చెప్పింది పాతబడినప్పుడు దాన్ని పక్కన పెట్టడం కూడా నేర్పాలి.

బడిలో సందర్భసహిత వ్యాఖ్యలు రాసినవారికి ఈ పని పూర్తిగా కొత్త కాదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో రాయకుండా భావం ఒక్కటే రాస్తే మా తెలుగు మాస్టారు సగం మార్కులు కోసేవారు. సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు మనం చేసే పొరపాటు సరిగ్గా అదే: విలువను దాచుకుంటాం, అది ఎవరిది, ఎప్పటిది, ఎవరు చెప్పింది అన్నవి వదిలేస్తాం.

ఈ ఆలోచనకు కంప్యూటర్ రంగంలో ముప్పై ఏళ్లు దాటాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఆలివెట్టి పరిశోధనశాల ఉద్యోగులు 1990ల మొదట్లో ఒక చిన్న బిళ్లను ఒంటిమీద తగిలించుకుని తిరిగేవారు. అది సుమారు 15 సెకన్లకోసారి పరారుణ సంకేతం పంపేది, గదుల్లో అమర్చిన గ్రాహకాలు దాన్ని అందుకునేవి, ఎవరికైనా ఫోను వస్తే వారు ఆ క్షణాన ఏ గదిలో ఉన్నారో చూసి అక్కడికి కాల్ మళ్లించడానికి రిసెప్షనిస్టుకు వీలయ్యేది. 1994లో బిల్ షిలిట్, ఆయన సహచరులు నువ్వెక్కడున్నావు, నీతో ఎవరున్నారు, దగ్గర్లో ఏ వనరులున్నాయి అనే మూడు ప్రశ్నల చుట్టూ సందర్భాన్ని నిర్మించారు. 2001లో అనింద్ డే ఇచ్చిన నిర్వచనం ఇంకా విశాలమైనది: వాడుకరికీ అప్లికేషన్‌కూ మధ్య జరిగే వ్యవహారంతో సంబంధమున్న మనిషి, చోటు లేదా వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి పనికొచ్చే ఏ సమాచారమైనా సందర్భమే.

ఆ నిర్వచనంలో తప్పు లేదు గానీ పనిలోకి దిగినవాడికి అది చేటంత పెద్దదిగా కనిపిస్తుంది, దేన్ని వదిలేయాలో చెప్పదు. అందుకే నేను వాడుకునే కొలత ఇంకొంచెం ఇరుకైనది: ఏ సమాచారం మారితే ప్రోగ్రాము చేసే పని మారుతుందో అదే సందర్భం, మిగిలింది ఒట్టి డేటా. ఈ వ్యాసమంతా ఆ కొలత మీదే నడుస్తుంది. ఉదాహరణకు, యార్డులోని ఒక కమీషన్ కొట్టు కోసం నేను రాసిన చిన్న అప్లికేషన్‌ను తీసుకుంటాను. లాట్ల (లాట్ అంటే ఒక రైతు ఒక రోజు తెచ్చిన ఒక రకం కాయ) వివరాలు దాచుకోవడం, అవసరమైనప్పుడు రైతుకో కొన్న వ్యాపారికో కబురు పంపడం దాని పని.

మొదటి అడుగు: సెన్సర్ దగ్గర కాదు, నిర్ణయం దగ్గర మొదలుపెట్టండి

ఫోనులో జీపీఎస్ ఉంది, కదలికలు పసిగట్టే సెన్సర్ ఉంది, వెలుతురు కొలిచేది ఉంది కాబట్టి వీటితో ఏం చేయవచ్చు అని ఆలోచించడం మొదలుపెడితే పని ఎటూ తెమలదు. దానికి బదులు ఒక కాగితం తీసుకుని “ఫలానాది జరిగినప్పుడు, మామూలుగా చేసేది కాకుండా, ఇది చేయాలి” అనే అచ్చులో వాక్యాలు రాయండి. నేను రాసుకున్న మొదటి వాక్యం ఇది: వాన సూచన ఉన్నప్పుడు, లాట్ కప్పులేని చోట ఉంటే, ఆ సమయానికి సరుకు ఎవరి బాధ్యతలో ఉందో వారికి చెప్పాలి.

ఈ ఒక్క వాక్యంలో మూడు సందర్భాంశాలు ఉన్నాయి. వాన సూచన, పైకప్పు అనే రెండూ పైకే కనిపిస్తాయి. మూడోది, బాధ్యత, తనంతట తాను ఎక్కడా కనిపించదు. అది లాట్ ఏ దశలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. కల్లంలో ఆరబోసి ఉన్నంతసేపు కాయ రైతుది, వాన వస్తే పరుగెత్తాల్సింది ఆయనే. బస్తాలకెత్తి యార్డులో దించాక, కాటా పడేదాకా, అంటే తూకం అయ్యేదాకా, రైతు తరఫున కొట్టువాళ్లు చూసుకుంటారు. కాటా అయ్యాక తడిస్తే బాధ కొన్న వ్యాపారిది, లారీకి ఎత్తాక మరొకరిది. ఆనవాయితీ కొట్టుకూ కొట్టుకూ కొంత మారుతుంది కాబట్టి ఈ దశలను ఊహించి రాయకండి, గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుని రాసుకోండి. నేను అలా కూర్చున్న పూటే “కాటా” అన్న ఒక్క మాట నా డేటాబేస్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన గడి కాబోతోందని తెలిసింది.

సరైన అంశాన్ని ఎంచుకోకపోతే ఎంత కచ్చితమైన కొలతైనా ఎలా వృథా అవుతుందో విజయవాడవారికి వేరే చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ఆ అంకె 11.43 లక్షలకు వెళ్లింది. కృష్ణ ఒడ్డున ఉన్న ఇంటికి ఆ అంకె ప్రాణంతో సమానం. కానీ అవే రోజుల్లో సింగ్ నగర్ వైపు ఇళ్లను ముంచింది బుడమేరు అనే వాగు. బ్యారేజీ అంకె ఒక్కదాన్నే చూసి హెచ్చరిక పంపే ప్రోగ్రాము ఉండి ఉంటే, దాని లెక్క పైసా తప్పకుండా ఉండి కూడా సింగ్ నగర్‌కు దమ్మిడీ ప్రయోజనం ఉండేది కాదు. మీ నిర్ణయానికి ఏ ఏరు సంబంధించిందో ముందు తేల్చుకోవాలి, కొలమానం సంగతి ఆ తర్వాత.

రెండో అడుగు: ప్రతి విలువకూ పుట్టుపూర్వోత్తరాలు రాయండి

అంశాలు తేలాక వాటిని నమోదు చేసే పద్ధతి చూద్దాం. “కప్పు లేదు” అని ఒక గడిలో పెట్టడం చాలదు. మా అప్లికేషన్‌లో ఒక నమోదు ఇలా ఉంటుంది.

దేని గురించి: లాట్ 1187
ఏ అంశం: కప్పు
విలువ: లేదు, షెడ్డు బయట వరుస
ఎప్పుడు చూశారు: మార్చి 18, ఉదయం 6:40
ఎప్పుడు మనకు చేరింది: మార్చి 18, ఉదయం 7:25
ఎవరు చెప్పారు: దిగుమతి గుమాస్తా, ఫోనులో నొక్కి
ఎంత నమ్మకం: కళ్లారా చూసింది
ఎప్పటిదాకా చెల్లుతుంది: చోటు మారేదాకా

చూసిన సమయం, చేరిన సమయం అని రెండు ఎందుకని అడగవచ్చు. సీజన్‌లో తెల్లవారుజామున యార్డు నిండా లారీలు, ప్రతి మనిషి చెవి దగ్గరా ఫోను. ఆ రద్దీలో గుమాస్తా 6:40కి నొక్కినది అతని ఫోనులోనే నిలిచిపోయి నెట్‌వర్క్ దొరికినప్పుడు 7:25కి మనకు చేరుతుంది. ఈలోగా 7:10కి మరో మనిషి అదే లాట్‌ను షెడ్డులోకి మార్పించి తన ఫోనులో నొక్కితే అది వెంటనే చేరిపోతుంది. చివరగా వచ్చిందే నిజమని రాసుకున్న ప్రోగ్రాము 7:25కి లాట్‌ను మళ్లీ ఎండలో కూర్చోబెడుతుంది. చూసిన సమయాన్ని బట్టి వరుస పేరిస్తే ఈ చిక్కు రాదు. అందుకే పాత నమోదును చెరిపి కొత్తది రాయకుండా, రెంటినీ ఉంచుకుని అడిగినప్పుడు లెక్కగట్టడం మేలు.

చెల్లుబాటు కూడా ఒక్క రకంగా ఉండదు. వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచన రాబోయే 3 గంటల గురించి చెబుతుంది కాబట్టి దానికి గడియారమే హద్దు. కప్పు సంగతికి గడియారంతో పని లేదు, సరుకు కదిలిందా లేదా అన్నదే హద్దు. రకం, అంటే తేజనా 334నా అన్నది, లాట్ ఉన్నంతకాలం మారదు. కాయలోని తేమ ఈ మూడింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. పొద్దున కొలిచింది ఎండలో సాయంత్రానికి మారుతుంది, అదే కప్పు కింద అయితే అంతగా మారదు. కాబట్టి తేమ నమోదు ఎంతసేపు చెల్లుతుందన్నది కప్పు అనే మరో అంశాన్ని అడిగి తేల్చుకోవాలి.

నమ్మకం గడిలో 0.83 వంటి అంకెలు పెట్టాలని చాలామందికి ఉబలాటంగా ఉంటుంది. సెన్సర్ తయారుచేసినవారు తప్పు శాతం కొలిచి చెప్పి ఉంటే ఆ అంకెకు అర్థం ఉంది. గుమాస్తా మాటకు 0.83 వేయడం మనల్ని మనం మోసగించుకోవడమే. నేను మూడే మెట్లు వాడతాను: చూసింది, యంత్రం చెప్పింది, మనం ఊహించింది. నియమాలు రాయడానికి ఇవి ఇప్పటిదాకా చాలాయి.

మూడో అడుగు: అంకెను అర్థంగా మార్చే పొరను విడిగా ఉంచండి

ఫోను 16.30 ఉత్తర అక్షాంశం, 80.44 తూర్పు రేఖాంశం అని చెబుతుంది. దాంతో కబురు పంపే నియమానికి పనేమీ లేదు. దానికి కావాల్సింది “యార్డు లోపల” లేదా “దారిలో” అన్న మాట. ఈ మార్పిడి చేసే కోడ్‌ను నియమాల్లో కలిపేయకుండా వేరే పొరగా ఉంచాలి. ముడి కొలత తెచ్చే పొర ఒకటి, దానికి అర్థం చెప్పే పొర ఒకటి, ఒకే లాట్ గురించి వచ్చినవన్నీ ఒకచోట చేర్చే పొర మరొకటి. అనింద్ డే బృందం జార్జియా టెక్‌లో తయారుచేసిన సందర్భ పరికరాల పెట్టెలో ఉన్న విభజన దాదాపు ఇదే. దీని లాభం తర్వాతెప్పుడో తెలుస్తుంది. మేము రెండో ఏడాది జీపీఎస్ మానేసి గేటు దగ్గర చీటీ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడానికి మారినప్పుడు ఒక్క నియమం కూడా తిరగరాయాల్సిన అవసరం రాలేదు.

జీపీఎస్ వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆరుబయట కొన్ని మీటర్ల తేడాతో చోటు చెప్పగలిగిన ఫోను రేకుల షెడ్డు కిందికి వెళ్లగానే తడబడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఒక చోటు చుట్టూ ఊహారేఖ గీసేటప్పుడు వ్యాసార్ధం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉండాలని గూగుల్ సూచించడానికి కారణం అలాంటి తడబాట్లే. రెండోది, గీత మీద నిలబడ్డ మనిషి సంగతి. అతను గేటు దగ్గర టీ తాగుతూ నాలుగడుగులు అటూ ఇటూ వేస్తే ప్రోగ్రాము “వచ్చాడు, వెళ్లాడు, వచ్చాడు” అని పది కబుర్లు పంపుతుంది. లోపలికి వచ్చినట్టు గుర్తించే గీతను దగ్గరగా, వెళ్లినట్టు గుర్తించే గీతను దూరంగా గీసి, లోపల కొన్ని నిమిషాలు నిలిచాకే వచ్చినట్టు లెక్కవేస్తే ఆ గోల ఆగుతుంది.

నాలుగో అడుగు: నమూనా ఎంపిక

సందర్భాన్ని కంప్యూటర్‌లో ఏ ఆకారంలో పెట్టాలన్న దాని మీద స్ట్రాంగ్, లిన్‌హాఫ్ పోపియన్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో చేసిన వర్గీకరణను ఇప్పటికీ వాడతారు. పేరు-విలువ జతలు, గుర్తుల భాషలో రాసినవి, బొమ్మ గీసి చూపేవి, ఆబ్జెక్టులుగా కట్టినవి, తర్కసూత్రాలుగా రాసినవి, ఆంటాలజీలు (మాటల అర్థాలను, సంబంధాలను యంత్రం చదవగలిగేలా రాసినవి) అని వారు ఆరు రకాలు చూపారు. ఆరింటినీ ఇక్కడ వివరించబోను, ఎందుకంటే ఒక కొట్టుకో ఆస్పత్రికో కాలేజీకో పని చేసిపెట్టేవారికి ఎదురయ్యే ప్రశ్న ఆరింటి మధ్య కాదు, రెండింటి మధ్యే: మామూలు డేటాబేస్ పట్టికలు చాలునా, ఆంటాలజీ దాకా వెళ్లాలా?

పైన చూపిన ఎనిమిది గడుల నమోదుకు ఒక పట్టిక, లాట్లకు ఒకటి, మనుషులకు ఒకటి, చోట్లకు ఒకటి, వీటి మధ్య సంబంధాలు. ఇంతటితో నూటికి తొంభై పనులు తీరిపోతాయని నా అభిప్రాయం. ఆంటాలజీ అవసరమయ్యేది వేర్వేరు వ్యవస్థలు ఒకే మాటను వేర్వేరు అర్థాల్లో వాడుతూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు. కొట్టు లెక్కల్లో లాట్ అంటే ఒక రైతు ఒక రోజు తెచ్చిన ఒక రకం కాయ. గిడ్డంగి లెక్కల్లో అది ఒక రసీదు మీద లోపలికి వెళ్లిన బస్తాల గుంపు, అందులో మంచి కాయ, తాలు కాయ రెండూ ఉండవచ్చు. ఈ రెండు “లాట్” లను కలిపేముందు వాటి అర్థాలను యంత్రం చదవగలిగేలా రాసిపెట్టడమే ఆంటాలజీ చేసే పని. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక కాగితం మీద మాటల అర్థాలు రాసుకుని సంతకాలు పెడితే తీరిపోయే చోట దాన్ని దింపకండి.

పట్టికలతో కట్టినా అంతస్తులు మాత్రం తప్పవు. చోటుకూ కాలానికీ అంతస్తులు ఎలా ఉంటాయో పూజకు కూర్చున్నప్పుడు చెప్పే సంకల్పం విన్నవారికి తెలుసు: ద్వీపం, వర్షం (భరతవర్షం అన్న అర్థంలో), నదుల నడుమ ప్రాంతం, ఊరు అని చోటు ఇరుకవుతూ వస్తుంది, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అని కాలం కూడా అలాగే ఇరుకవుతుంది. విజయవాడ గడ్డమీద కృష్ణా గోదావరుల నడుమ అనేది బ్యారేజీ దాటి గుంటూరు వైపు వస్తే కృష్ణా కావేరుల నడుమ అవుతుంది, పై అంతస్తుల్లో ఒక్క ముక్క కూడా మారదు. డేటాబేస్‌లో చోటును సరిగ్గా అలాగే పెట్టండి: వరుస షెడ్డులో, షెడ్డు యార్డులో, యార్డు గుంటూరులో, గుంటూరు జిల్లాలో ఉన్నట్టు ప్రతి చోటుకూ దాన్ని తనలో ఇముడ్చుకున్న పై చోటును చూపండి. అప్పుడు వాతావరణ సూచన జిల్లా అంతస్తులో వచ్చినా, కప్పు సంగతి వరుస అంతస్తులో ఉన్నా, ప్రోగ్రాము కింది నుంచి పైకి ఎక్కి రెంటినీ కలపగలదు. అయితే పై అంతస్తులో నిజమైనది కింది అంతటా నిజమని అనుకోకూడదు. జిల్లాలో వాన అంటే యార్డులో వాన పడే అవకాశమే తప్ప పడుతున్నట్టు కాదు.

అయిదో అడుగు: “లేదు” వేరు, “తెలియదు” వేరు

ఈ భాగాన్ని కొంచెం సాగదీసి చెప్పక తప్పదు, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి సీజన్‌లో ఒక రాత్రి పదకొండు గంటలకు మా అప్లికేషన్ పల్నాడు వైపు ఊళ్లో ఉన్న ఒక రైతుకు “మీ బస్తాలు తడిసే ప్రమాదం ఉంది, పట్టాలు కప్పించండి” అని కబురు పంపింది. ఆయనకు నిద్ర పట్టలేదు. కొట్టుకు ఫోను చేస్తే ఆ వేళ ఎవరూ ఎత్తలేదు. తెల్లవారి మొదటి బస్సు పట్టుకుని యార్డుకు వచ్చి చూస్తే ఆయన వరుస ఖాళీగా ఉంది. సరుకు మునుపటి మధ్యాహ్నమే కాటా పడి, లారీకెక్కి వెళ్లిపోయింది. కాటా చీటీ గుమాస్తా చొక్కా జేబులో ఉంది, దాన్ని అతను పొద్దున్నే ఎక్కిద్దామనుకున్నాడు. “అమ్ముడైన కాయ తడిస్తే నాకేంటి బాబూ, నన్నెందుకు లేపావు?” అని ఆ పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

గుమాస్తా చీటీని ఆలస్యంగా ఎక్కించడం ఆ కొట్టులో రోజూ జరిగేదే, దాన్ని ముందే చూసుకోవాల్సింది నేను. కాటా నమోదు కనబడకపోతే కాటా కాలేదని నా ప్రోగ్రాము తీర్మానించుకుంది. మామూలు డేటాబేస్ ఆలోచించే తీరే అది. పట్టికలో లేనిదాన్ని లోకంలో లేనిదిగా లెక్కిస్తుంది. రైలు రిజర్వేషన్ పట్టికకు అది సరిపోతుంది, ఎందుకంటే పట్టికలో పేరు లేకపోతే నిజంగానే సీటు లేదు. యార్డులో జరిగేది ముందు జరిగిపోతుంది, పట్టికకు తీరిగ్గా చేరుతుంది. ఆంటాలజీ భాషలు దీనికి ఎదురుగా ఆలోచిస్తాయి. చెప్పని విషయం అబద్ధమని కాక, తెలియదని తీసుకుంటాయి. పట్టికలు వాడుతూనే ఆ తెలివిని అరువు తెచ్చుకోవచ్చు: ప్రతి అంశానికీ అయింది, కాలేదు, తెలియదు అని మూడు విలువలు పెట్టి, “కాలేదు” అన్నది ఎవరైనా చూసి చెప్పినప్పుడు తప్ప రాయకండి. నియమాల్లో మూడో విలువకు ఏం చేయాలో విడిగా రాయండి, లేకపోతే మీరు వాడే భాష దాన్ని తనకు తోచిన వైపు తోసేస్తుంది.

తెలియనిదాన్ని తెలిసినట్టు అనుకోవడానికి ఇంకో ముఖం ఉంది. రైతు ఇచ్చిన ఫోను నంబరు విజయవాడలో చదువుకుంటున్న కొడుకుది కావచ్చు. ఆ ఫోను బెంజి సర్కిల్ దగ్గర ఉందంటే కొడుకు అక్కడున్నాడని, అది కూడా ఫోను అతని చేతిలో ఉంటేనే. ఫోను చోటు, మనిషి చోటు, సరుకు చోటు అనే మూడింటికి మూడు గడులు పెట్టి, ఒకదాన్నుంచి మరొకటి ఊహిస్తే నమ్మకం గడిలో “ఊహించింది” అని తప్పనిసరిగా రాయాలి.

ఇద్దరు చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు సగటు తీయకూడదు. షెడ్డు లోపల, షెడ్డు బయట అన్నవాటికి సగటు గుమ్మం. మా నియమం ప్రకారం, చూసిన మాట యంత్రం మాటను గెలుస్తుంది, ఇద్దరూ చూసినవారే అయితే తర్వాత చూసినవారిది గెలుస్తుంది, వారి మధ్య తేడా పది నిమిషాల లోపైతే ప్రోగ్రాము తీర్పు చెప్పకుండా గుమాస్తాను అడుగుతుంది.

ఆరో అడుగు: తెలిసినదాన్ని బట్టి ఎంత దూరం వెళ్లాలి

సందర్భాన్ని వాడుకునే పద్ధతులు మూడు: చూపించడం, సూచించడం, తానే చేసేయడం. ఎక్కడ ఏది తగుతుందో తేల్చే కొలత ఒక్కటే ఉంది, పొరపాటు జరిగితే ఎవరికి ఎంత నష్టం, వెనక్కి తీసుకోవచ్చా అన్నది. గుమాస్తా తెర మీద ఈరోజు లాట్లను పైకి తెచ్చి చూపడం తప్పినా నష్టం లేదు కాబట్టి ప్రోగ్రాము తానే చేయవచ్చు. రైతుకు అర్ధరాత్రి కబురు పంపడం వెనక్కి తీసుకోలేని పని. ధర ఒప్పుకున్నట్టు నమోదు చేయడం, సరుకును గిడ్డంగికి పంపమనడం వంటివి ఎంత నమ్మకం ఉన్నా మనిషి నొక్కితేనే జరగాలి.

ఆ రాత్రి తర్వాత కబురును ఇలా మార్చాను: “లాట్ 1187 ఉదయం 6:40కి షెడ్డు బయట ఉన్నట్టు గుమాస్తా నమోదు చేశారు. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6 వరకు జిల్లాలో వాన సూచన ఉంది. కాటా అయిందో లేదో మాకు ఇంకా సమాచారం రాలేదు.” ఇది మొదట కొట్టుకే వెళ్తుంది; కాటా కాలేదని గుమాస్తా నొక్కాకే రైతుకు వెళ్తుంది. పాతదానికంటే పొడవే, అయినా ఇందులో ఏది చూసింది, ఏది ఊహ, ఏది తెలియనిది అన్నవి విడిగా కనిపిస్తాయి, చదివినవారు తమకు తెలిసింది కలుపుకుని తామే తేల్చుకోగలరు. ప్రతి కబురు కింద “ఇది నాకెందుకు వచ్చింది” అని నొక్కే చోటు ఉంచితే తప్పుడు నమోదులు త్వరగా బయటపడతాయి. మా దగ్గర మారిపోయిన ఫోను నంబర్లు చాలావరకు ఆ దారినే దొరికాయి.

ఏడో అడుగు: అక్కర్లేనిది సేకరించకండి

ఆలివెట్టి బిళ్ల ఉద్యోగి ఎక్కడున్నాడో చెప్పినట్టే హమాలీ ఎంతసేపు కూర్చున్నాడో కూడా ఫోను చెప్పగలదు. ఆ సమాచారం వాన కబురుకు అక్కర్లేదు, కాబట్టి మొదట్లో చెప్పుకున్న కొలత ప్రకారం అది సందర్భం కాదు, తీసుకోకూడదు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దేనికోసం తీసుకుంటున్నామో చెప్పి సమ్మతి పొందాలని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు మనిషికి ఉండాలని అంటుంది. సమ్మతి కోరే పత్రాన్ని తెలుగులో కూడా చదువుకునే వీలు కల్పించాలన్నది అందులో మనం ప్రత్యేకంగా గమనించాల్సిన అంశం. ఆచరణలో ముడి జీపీఎస్ అంకెలను ఫోనులోనే “యార్డు లోపల” అన్న మాటగా మార్చి, మాటను మాత్రమే బయటికి పంపండి, లెక్క తేలి రైతుకు డబ్బు ముట్టాక చోటు నమోదులను తీసేయండి.

భాషా నమూనాలకు సందర్భం అందించేటప్పుడు

ఈమధ్య సందర్భం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పెద్ద భాషా నమూనాకు (అడిగిన ప్రశ్నకు మామూలు భాషలో జవాబు రాసే ప్రోగ్రాముకు) ప్రశ్నతోపాటు ఇచ్చే పాఠ్యం. మా రైతులు వాట్సాప్‌లో అడిగే ప్రశ్నలకు జవాబు తయారుచేయడానికి నేనూ ఒకటి వాడుతున్నాను. పైన చెప్పిన అడుగులేవీ దీనికి మారవు. “నా సరుకు ఏసీలోనే ఉందా?” అన్న ప్రశ్నకు ఆ రైతు పాత లెక్కలన్నీ గుమ్మరిస్తే జవాబు మెరుగుపడదు, పోయిన ఏడాది లాట్‌ను ఈ ఏడాదిదిగా చెప్పే ప్రమాదం పెరుగుతుంది. ఏసీ అంటే శీతల గిడ్డంగి అన్న ఒక వాక్యం, చెల్లుబాటులో ఉన్న రెండు మూడు నమోదులు, వాటిని ఎవరు ఎప్పుడు చూశారన్న వివరం, తెలియనిదాన్ని తెలియదనే చెప్పమన్న ఆదేశం ఇస్తే చాలు. పైగా నమూనా ఒకసారికి తీసుకోగల పాఠ్యానికి హద్దు ఉంటుంది, దాన్ని టోకెన్లలో, అంటే నమూనా పాఠ్యాన్ని విడగొట్టుకునే చిన్న ముక్కల్లో, కొలుస్తారు. చాలా నమూనాల్లో ఒకే విషయం ఇంగ్లీషులో కంటే తెలుగులో ఎక్కువ టోకెన్లు తింటుంది కాబట్టి, ఏది వదలాలన్న లెక్క మనకు ఇంకాస్త గట్టిగా ఉండాలి.

చివరి అడుగు: గడిచిన రోజును మళ్లీ నడిపి చూడండి

సందర్భంతో నడిచే ప్రోగ్రామును టేబుల్ ముందు కూర్చుని పరీక్షించడం కష్టం, ఎందుకంటే వాన, లారీ, చీటీ, నెట్‌వర్క్ కలిసి ఒకే పూట తప్పితేనే తప్పు బయటపడుతుంది. అందుకు దారి ఒకటుంది. నమోదులను చెరపకుండా రెండు సమయాలతో దాచుకున్నాం కదా, వాన పడిన ఒక రోజు నమోదులను తీసి, అవి చేరిన వరుసలోనే కొత్త ప్రోగ్రాముకు తిరిగి తినిపించండి, ఏ కబురు ఎవరికి వెళ్లేదో రాయించండి. ఆ కాగితాన్ని గుమాస్తా ముందు పెట్టి “ఆ రోజు నువ్వైతే ఎవరికి చెప్పేవాడివి?” అని అడగండి. అదయ్యాక కావాలనే కొన్ని నమోదులు తీసేసి, కొన్నింటిని గంట ఆలస్యం చేసి మళ్లీ నడపండి. అప్పుడు ప్రోగ్రాము తెలియదని ఒప్పుకుంటోందా, లేక ఏదో ఒకటి నిబ్బరంగా చెప్పేస్తోందా అన్నది చూడాలి.

వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు నేను ఈ పనితోపాటు ఇంకొకటి చేస్తాను: సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా ఏ నిర్ణయాన్నీ మార్చని అంశాలను వెతికి తీసేస్తాను. పోయిన వేసవిలో అలా పోయినవాటిలో ఫోను బ్యాటరీ శాతం, లారీ వేగం ఉన్నాయి. రెంటినీ ఎంతో ముచ్చటపడి పెట్టింది నేనే.